లేచి వెళ్ళినవాళ్ళు, లేచిపోయినవాళ్ళు

మన భాషలో ఒకే మాట మగవాడికి ఒక అర్థాన్నీ ఆడదానికి ఇంకో అర్థాన్నీ ఇవ్వడం కొత్త సంగతేం కాదు. 'లేవడం' అనే మాటనే చూడండి. మగవాడు సభలోంచి లేచిపోతే అది నిరసన. పదిమంది కలిసి లేచిపోతే అది తిరుగుబాటు, చరిత్రలో ఒక తేదీ. ఆడది ఇంట్లోంచి అడుగు బయటపెడితే 'లేచిపోయింది' అంటారు. ఆ మాట విన్నాక, ఆమె ఎందుకు లేచింది, ఎక్కడికి వెళ్ళింది, అంతవరకూ కూచున్న చోట ఏం భరించింది అని అడిగే అవసరం ఎవరికీ ఉండదు. ఆమెకి ఒక అభిప్రాయం ఉండి ఉండొచ్చన్న అనుమానం కూడా రాదు.

నల్లగొండ, పాలమూరు జిల్లాల గత వందేళ్ళ చరిత్రని ఈ రెండర్థాల మధ్య నిలబెట్టి చూడాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఈ రెండు జిల్లాల్లో జరిగినన్ని సభలు, చీలికలు, తిరుగుబాట్లు మన ప్రాంతంలో తక్కువచోట్లే జరిగాయి. తిరుగుబాటు అనగానే మనం దొరలమీద, రజాకార్లమీద, సర్కారుమీద తిరుగుబాటే అనుకుంటాం. తిరగబడ్డ సమూహం లోపల ఏం జరిగింది? ఆ సమూహాన్ని నమ్ముకుని వచ్చిన మామూలు మనుషులు దాని గురించి ఏమనుకున్నారు? ముఖ్యంగా అందులోని స్త్రీలు తమ సంఘం గురించి, తమ నాయకుల గురించి ఏమనుకున్నారు? అనుకున్నది చెప్పడానికి వాళ్ళకి చోటు ఎక్కడుంది?

తెలంగాణ ఆధునిక చరిత్ర ఒక లేచిపోవడంతోనే మొదలవుతుంది. 1921 నవంబరులో హైదరాబాదులోని వివేకవర్ధినీ థియేటర్లో నిజాం రాష్ట్ర సంఘ సంస్కార సభ జరిగింది. ఇంగ్లీషులో, ఉర్దూలో, మరాఠీలో ఉపన్యాసాలు సాగాయి. ఆలంపల్లి వెంకటరామారావు లేచి తెలుగులో మాట్లాడటం మొదలుపెట్టగానే సభలో గోల, ఎగతాళి. అవమానపడిన తెలుగువాళ్ళు ఆ రాత్రే టేకుమాల రంగారావు ఇంట్లో సమావేశమై ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. ఆంధ్ర మహాసభకీ, దాని వెనక వచ్చిన సంఘానికీ, సాయుధ పోరాటానికీ మూలం అక్కడుందని మన చరిత్రకారులందరూ ఒప్పుకుంటారు.

ఆ కథలో సాధారణంగా ఎవరూ ఆగి చూడని సంగతి ఒకటుంది. ఆ సభకి అధ్యక్షుడు ధోండో కేశవ కర్వే. 1916లో మన దేశంలో మొదటి మహిళా విశ్వవిద్యాలయం స్థాపించిన మనిషి. స్త్రీలు తమ మాతృభాషలో ఉన్నత విద్య చదువుకోవాలని వాదించిన మనిషి. ఆయన కుర్చీలో ఉండగానే ఒక మాతృభాషని గోలచేసి కూచోబెట్టారు. సంస్కరణ వేదికమీద కూడా ఎవరి భాష వినాలి, ఎవరిది వినక్కర్లేదు అనే లెక్క ఉంటుందని ఆ సాయంత్రం చెప్పింది. ఆ తర్వాత ఏడేళ్ళకి, 1928లో, మాడపాటి హనుమంతరావు హైదరాబాదులో తెలుగు బాలికల పాఠశాల పెడితే, ఉర్దూ మాధ్యమపు ఉస్మానియా గుర్తింపు దానికి దొరకలేదు. చివరికి ఆ బడిని కలుపుకున్నది కర్వే విశ్వవిద్యాలయమే. మన ఆడపిల్లల చదువుకి దారి ఇలా వంకరటింకరగా వచ్చింది.

లేచి వెళ్ళినవాళ్ళకి వెళ్ళడానికి ఒక ఇల్లు ఉందన్నది కూడా గమనించాలి. రంగారావుగారి ఇల్లు. రాత్రివేళ పదిమంది మగవాళ్ళు కూచుని సంఘం పెట్టుకోగలిగిన ఇల్లు. ఆ ఇంట్లో ఆ రాత్రి ఎవరో దీపం పెట్టి ఉంటారు, ఎవరో అన్నం వండి ఉంటారు. వాళ్ళు జనసంఘం గురించి ఏమనుకున్నారో ఏ నివేదికలోనూ లేదు.

*

సభ తర్వాతి వేదిక పత్రిక. 1922లో నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకటరామనరసింహారావు 'నీలగిరి' నడిపారు. అదే సంవత్సరం ఇనుగుర్తి నుంచి ఒద్దిరాజు సోదరులు 'తెనుగు' తెచ్చారు. 1926 మే 10న పాలమూరు జిల్లా మనిషి సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో 'గోలకొండ పత్రిక' మొదలైంది. సభ పెట్టుకోవాలంటే ముందుగా సర్కారు అనుమతి తీసుకోవాల్సిన రాజ్యం అది. అలాంటిచోట పత్రిక అంటే వార్తల కాగితం మాత్రమే కాదు. ఊరూరి మనుషులు ఒకరినొకరు కలుసుకునే రచ్చబండ.

ఆ రచ్చబండ ఎంత బలమైనదో 1934లో తేలింది. తెలంగాణలో తెలుగు కవులు పూజ్యం, అంటే సున్నా, అని ఒకరు రాసిన మాట జనానికి తగిలింది. దానికి సురవరం సంపాదకీయం రాసి ఊరుకోలేదు. కవులారా మీ పద్యాలు పంపండి, మీ వివరాలు పంపండి అని పాఠకులనే అడిగారు. వచ్చినవన్నీ కలిపితే 'గోలకొండ కవుల సంచిక' అయింది. అందులో 354 మంది కవులు. పాఠకులే రచయితలై, వాళ్ళ సంఖ్యే జవాబైంది. ఒక సమూహం తనమీద వచ్చిన తీర్పుని ఇంత శాంతంగా, ఇంత నిండుగా తిప్పికొట్టడం నాకు మరోచోట కనిపించలేదు. ఆ సంచిక తిరగేసినప్పుడల్లా గర్వంగానే ఉంటుంది.

ఆ గర్వం పక్కనే ఒక ప్రశ్న కూడా ఉంటుంది. అంతమందిలో కవయిత్రులు కొద్దిమందే. ఆడవాళ్ళు కవిత్వం కట్టలేదా? పాలమూరు చేలల్లో నాటు వేసేటప్పుడు, ఇసుర్రాయి తిప్పేటప్పుడు, బతుకమ్మ ఆడేటప్పుడు వాళ్ళు కట్టినదాన్ని ఏమనాలి? పత్రికకి పంపాలంటే ముందు అక్షరం రావాలి. కార్డుకి పైసలు కావాలి. అన్నిటికంటే ముందు, తన పేరూ ఊరూ పదిమందిలో పెట్టుకునే స్వేచ్ఛ కావాలి. 'వివరాలు పంపండి' అన్న పిలుపు అందరికీ ఒకేలా వినిపించదు. తెలంగాణలో కవులు పూజ్యమన్న మాట అబద్ధమని 354 మంది నిరూపించారు. తెలంగాణ స్త్రీలలో కవులు కొద్దిమందే అన్న భావం మాత్రం ఆ సంచికలో చెక్కుచెదరకుండా మిగిలిపోయింది. దాన్ని సవాలు చెయ్యడానికి ఇంకో యాభై ఏళ్ళు పట్టింది.

*

ఆంధ్ర మహాసభ తన ప్రతి సమావేశంతో పాటు మహిళా సభని కూడా జరపడం 1930లో జోగిపేటలోనే మొదలైంది. అక్కడ నడింపల్లి సుందరమ్మ అధ్యక్షురాలు. 1931లో నల్లగొండ జిల్లా దేవరకొండలో టి. వరలక్ష్మమ్మ. 1936లో పాలమూరు జిల్లా షాద్‌నగర్‌లో బూర్గుల అనంతలక్ష్మీదేవి. 1941లో నల్లగొండ జిల్లా చిలుకూరులో రంగమ్మ ఓబుల్‌రెడ్డి. స్త్రీ విద్య, బాల్యవివాహాలు, ఘోషా, వితంతు వివాహాలు ఆ సభల్లో చర్చకొచ్చాయి. ఆనాటి దేవరకొండలో ఆడవాళ్ళు పందిట్లో కూచుని ఈ సంగతులు మాట్లాడుకోవడం చిన్న విషయం కాదు. ఆ పందిరి వేయించినవాళ్ళకి మనం రుణపడి ఉన్నాం.

అయినా ఆ పందిరి ఎక్కడ వేశారన్నది చూడాలి కదా. పెద్ద సభ పక్కన. పెద్ద సభ తేదీలనే, పెద్ద సభ ఊళ్ళోనే. 1935లో సిరిసిల్లలో పెద్ద సభకి మాడపాటి హనుమంతరావు అధ్యక్షుడైతే, మహిళా సభకి ఆయన భార్య మాణిక్యమ్మ అధ్యక్షురాలు. అధ్యక్షురాళ్ళ పేర్లలో కొన్నింటికి ప్రముఖుల ఇంటిపేరు ముందుంది, కొన్నింటికి భర్త పేరు వెనక ఉంది. వాళ్ళ ప్రతిభని తక్కువచేయడం నా ఉద్దేశం కాదు. నిజామాబాదు మహిళా సభకి అధ్యక్షత వహించిన నందగిరి ఇందిరాదేవి మంచి కథలు రాసిన రచయిత్రి. నేను చెబుతున్నది ప్రవేశం గురించి. వేదికమీదికి వచ్చే మెట్టు ఇంట్లోంచే ఉంది. ఆ ఇల్లు ఉద్యమానికి అనుకూలమైతేనే మెట్టు ఎక్కగలం. మగవాళ్ళకి సభ ఇంటికి బయట ఉంది. ఆడవాళ్ళకి సభ ఇంటికి కొనసాగింపు.

అందుకే నాకు ఒక తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మగవాళ్ళ సభల చరిత్ర నిండా లేచి వెళ్ళడాలే. 1921లో వెళ్ళారు. 1930ల చివర సభలో తెలుగు తప్ప మరో భాష వాడొచ్చా లేదా అని తగాదా పడ్డారు. తన భాషని కూచోబెట్టారని పుట్టిన సంస్థ ఇంకొకరి భాషని ఏం చెయ్యాలో తేల్చుకోలేకపోయిందన్నమాట. 1944లో నల్లగొండ జిల్లా భువనగిరిలో సభ నిలువునా చీలింది. ఒక వర్గం రావి నారాయణరెడ్డి నాయకత్వంలో నిలబడింది, మరో వర్గం బయటికి వెళ్ళి వేరే సభ పెట్టుకుంది. మహిళా సభల చరిత్రలో ఇలా లేచి వెళ్ళిన సందర్భం నాకు కనిపించలేదు. వాళ్ళందరికీ అన్నిటిమీదా ఏకాభిప్రాయం ఉండి కాదు. భర్త అధ్యక్షుడుగా ఉన్న సభ పక్కన పందిట్లోంచి భార్య లేచి వెళ్తే ఎక్కడికి వెళ్తుంది?

*

భువనగిరిలో చీలికతో పాటు జరిగిన ఇంకో పని ఉంది, అది మన కథకి ముఖ్యం. సభ్యత్వ రుసుమును రూపాయి నుంచి అణాకి దించారు. వకీళ్ళ, వతనుదార్ల సభ ఒక్కసారిగా పాలేర్ల, కౌలుదార్ల సంఘమైంది. అణా ఇస్తే చీటీ. ఆ చీటీ చేతిలో ఉంటే వెట్టికి రానని చెప్పొచ్చు, లంచం ఇవ్వనని చెప్పొచ్చు. ఆ చీటీ కోసమే దొరలు జనాన్ని కొట్టించారు.

అణా ఇచ్చిన మనిషికి సంఘంమీద ఒక హక్కు వస్తుంది. అప్పటి నల్లగొండ జిల్లా పాలకుర్తిలో చాకలి ఐలమ్మ ఆ హక్కుని పూర్తిగా వాడుకుంది. కౌలుకి తీసుకుని పండించిన పంటని విసునూరు దేశముఖు మనుషులు కోసుకుపోవాలని వస్తే, సంఘం కార్యకర్తలు నిలబడి పంటని ఆమె ఇంటికి చేర్చారు. కుటుంబం కేసుల పాలైంది. ఆమె భూమి వదల్లేదు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య చనిపోయాక సంఘం ఊరూరికీ పాకింది. 1947 సెప్టెంబరు 11న ఆయుధాలు పట్టమని పిలుపు వచ్చింది. మూడువేల గ్రామాల్లో సంఘం పాలన నడిచిందనీ, పదిలక్షల ఎకరాలు పంచారనీ పుచ్చలపల్లి సుందరయ్య రాశారు.

ఆ గ్రామాల్లో స్త్రీలు సంఘాన్ని ఎలా వాడుకున్నారన్నది భూమి లెక్కల్లో కనిపించదు. వాళ్ళు తమ తగాదాలని సంఘం ముందు పెట్టారు. తాగొచ్చి కొట్టే మొగుడు, ఏలుకోని మొగుడు, వదిలించుకుందామంటే వదలని అత్తిల్లు. అంతకుముందు ఈ గొడవలు కులపంచాయతీకో దొర గడీకో పోయేవి. అక్కడ తీర్పు ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. సంఘం వచ్చాక 'సంఘపోళ్ళకు చెప్త' అన్న బెదిరింపు ఒకటి ఆడవాళ్ళకి దొరికింది. మా అమ్మమ్మ దేవరకొండ దిక్కు మనిషి. చదువు లేదు. సంఘం గురించి అడిగితే తుపాకుల సంగతి చెప్పేది కాదు. 'ఆళ్ళున్నన్ని దినాలు మా ఊళ్లె ఏ మొగోడు పెండ్లాన్ని బజార్ల ఏసి కొట్టలే బిడ్డా' అనేది. వెంటనే ఇంకో మాట కలిపేది. 'ఇంట్ల ఏసి కొడితె మాత్రం ఆళ్ళకెట్ల తెలుస్తది?'

ఆ రెండు వాక్యాల్లో ఒక చరిత్ర ఉంది. మొదటిది పొగడ్త, రెండోది విమర్శ. ఒక సంస్థని మెచ్చుకుంటూనే దాని హద్దు ఎక్కడుందో వేలుపెట్టి చూపించిన అభిప్రాయం అది. ఇలాంటి మాట తీర్మానంగా రాదు, ఫిర్యాదుగా కూడా రాదు. ఇంట్లో వాళ్ళు దీన్ని గొణుగుడు అంటారు. ముసల్ది గొణుగుతోంది అంటారు.

గొణుగుడుని మనం చరిత్రకి ఆధారంగా తీసుకోవడం నేర్చుకోవాలని నా వాదన. సంస్థలోంచి లేచి వెళ్ళగలిగినవాడు గొణగడు. వాడికి ఆ అవసరం లేదు. వేరే సభ పెట్టుకుంటాడు, వేరే పత్రిక పెట్టుకుంటాడు. ఆ సంస్థ తప్ప వేరే దిక్కు లేనివాళ్ళూ, దాన్ని ప్రేమించేవాళ్ళూ, దాని లోపాలు రోజూ భరించేవాళ్ళూ గొణుగుతారు. ఉండటం, ఒప్పుకోకపోవడం రెండూ కలిస్తే వచ్చే గొంతు అది. మన స్త్రీల రాజకీయ అభిప్రాయంలో చాలా భాగం ఈ గొంతులోనే ఉంది.

*

కొందరు స్త్రీలు నిజంగానే లేచి వెళ్ళారు. ఇల్లు వదిలి దళంలోకి. మల్లు స్వరాజ్యం దొరల ఇంట పుట్టి, పదహారు పదిహేడేళ్ళ వయసుకే రాజక్కగా అడవుల్లో తిరిగింది. ఆమె తలకి పదివేల రూపాయల వెల కట్టారు. ఆలేరు దిక్కు ఆరుట్ల కమలాదేవి భర్తతో పాటు ఆయుధం పట్టింది. పేర్లు తెలియని చాకలి, మాదిగ, గొల్ల, లంబాడా స్త్రీలు కబుర్లు మోశారు, అన్నం మోశారు, దెబ్బలు తిన్నారు, మాట బయటపెట్టలేదు.

వీళ్ళ గురించి బయటి లోకం 'లేచిపోయింది' అనే అంది. మగవాడు అజ్ఞాతంలోకి వెళ్తే వీరుడు, ఆడది వెళ్తే ఎవడితో అన్న ప్రశ్న. బయటి లోకం మాట అలా ఉంచుదాం. సంఘం లోపల కూడా ఆ భయం ఉంది. ఆడది దళంలో ఉంటే పేరు పాడవుతుందని, పెళ్ళి చేసేస్తే గొడవ ఉండదని, పసిబిడ్డ ఏడిస్తే దళం దొరికిపోతుందని. బిడ్డని ఎక్కడ వదలాలన్నది ఆ స్త్రీ ఒక్కతే మోయాల్సిన ప్రశ్న అయింది. వాళ్ళు అప్పుడే దీని గురించి మాట్లాడారు, వాదించారు, ఏడ్చారు. ఆ మాటలేవీ అప్పటి పార్టీ పత్రాలకి విషయం కాలేదు.

1948 సెప్టెంబరులో యూనియన్ సైన్యం వచ్చింది, నిజాం లొంగిపోయాడు. పోరాటం కొనసాగించాలా మానాలా అన్న చర్చ పార్టీలో మూడేళ్ళు సాగింది. 1951 తొలి నెలల్లో నలుగురు నాయకులు రహస్యంగా మాస్కో వెళ్ళి స్టాలిన్‌తో మాట్లాడి వచ్చారు. ఆ అక్టోబరు 21న పోరాట విరమణ ప్రకటించారు. ఆ నిర్ణయం తప్పా ఒప్పా అన్నది వేరే చర్చ, డెబ్బై ఏళ్ళు దాటినా తెగని చర్చ. నేను అడుగుతున్నది చిన్న ప్రశ్న. నల్లగొండ నుంచి మాస్కో దాకా వెళ్ళి అభిప్రాయం అడిగిన పార్టీ, నల్లగొండలో అణా చీటీ తీసుకున్న ఆడమనిషిని అడిగిందా? అడిగుంటే ఆమె కొనసాగించమనే అనేదని నేను చెప్పడం లేదు. ఆపెయ్యమనే అనేదేమో, చచ్చిపోయిన కొడుకు పేరు చెప్పి. ఏదన్నా అనేది. ఆమెకి చెప్పడానికి ఏదో ఉండేది.

మగ కార్యకర్తలకి విరమణ తర్వాత ఎన్నికలు వచ్చాయి. 1952లో నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డి పెద్ద మెజారిటీతో పార్లమెంటుకి గెలిచారు. స్త్రీలలో ఆ దారి దొరికిన కొద్దిమందిలో ఆలేరు నుంచి శాసనసభకి గెలిచిన కమలాదేవి ఒకరు. స్వరాజ్యం 1978లో, 1983లో తుంగతుర్తి నుంచి గెలిచింది. మిగతావాళ్ళు? ఇంటికి వెళ్ళండి అన్నారు. ఏ ఇంటికి? లేచిపోయిందని ఊరంతా అన్న ఇంటికి. మగవాడు ఇంటికి తిరిగొస్తే పోరాటం నుంచి తిరిగొచ్చినట్టు. ఆడది తిరిగొస్తే ఎక్కడ తిరిగొచ్చింది అని అడుగుతారు.

*

సుందరయ్య 1972లో వెలువరించిన పోరాట చరిత్రలో స్త్రీల గురించి ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఉంది. ఆనాటికి అది మంచి పనే. అందులో స్త్రీలు చేసిన పనులు ఉన్నాయి, పడిన హింస ఉంది. వాళ్ళు ఏమనుకున్నారన్నది లేదు. స్త్రీ అక్కడ సాక్ష్యం, సాక్షి కాదు.

ఆ తేడాని సరిచేసిన పుస్తకం 1986లో వచ్చింది. స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'. ఈ పత్రిక పాఠకులకి దాన్ని పరిచయం చేయక్కర్లేదు. మన తరంలో చాలామందికి అది మొదటి పాఠం. ఆ పుస్తకం చేసిన పని ఏమిటంటే, ముప్పై అయిదేళ్ళ తర్వాత వెళ్ళి అడగడం. అప్పుడు నీకేమనిపించింది? ఇప్పుడేమనిపిస్తోంది? ఆ రెండు ప్రశ్నలకీ జవాబులు ఒకటి కాదు. అవే రోజులని వాళ్ళు తమ బతుకులో అన్నిటికంటే వెలుగున్న రోజులుగానూ చెప్పారు, ఆ తర్వాత తమని పక్కనపెట్టిన తీరునీ చెప్పారు. ఒకే మనిషి ఒకే ఊపిరిలో రెండూ చెప్పింది. ఏది నిజం అని అడిగేవాళ్ళకి ఆ పుస్తకం అర్థం కాదు. మా అమ్మమ్మ రెండు వాక్యాల్లాగే, రెండూ నిజం.

ఆ పుస్తకం వచ్చాక కొందరు పెద్దలు, పోరాటం గురించి ఇలా వ్యక్తిగత బాధలు బయటపెట్టడం శత్రువుకి సాయం చెయ్యడమేనని నొచ్చుకున్నారు. ఈ మాట మనం ఇప్పటికీ వింటూనే ఉన్నాం. ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో విన్నాం, దళిత, వామపక్ష సంఘాల్లో విన్నాం, మన స్త్రీవాద బృందాల్లో కూడా దళిత, ముస్లిం స్త్రీలు ప్రశ్నించినప్పుడు విన్నాం. ఇంటి గుట్టు బయటపెట్టకు అని అత్తగారు కోడలికి చెప్పే మాటకీ దీనికీ తేడా ఏమిటి? సమూహం తనని తాను ఇల్లు అనుకున్నప్పుడల్లా అందులో ఒకరిని కోడలిగా చూస్తుంది. అయినా ఆ తర్వాత గొంతులు ఆగలేదు. కొండపల్లి కోటేశ్వరమ్మ తొంభై దాటాక 2012లో 'నిర్జన వారధి' రాశారు. 2019లో స్వరాజ్యం తన కథ చెప్పి 'నా మాటే తుపాకీ తూటా' తెచ్చారు. పేరు చూడండి, తుపాకీ కాదు ఆయుధం, మాట.

*

2024లో తెలంగాణ ప్రభుత్వం రెండు విశ్వవిద్యాలయాల పేర్లు మార్చాలని నిర్ణయించింది. తెలుగు విశ్వవిద్యాలయానికి సురవరం ప్రతాపరెడ్డి పేరు. కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయానికి చాకలి ఐలమ్మ పేరు. ఒకరు పాలమూరు మనిషి, ఒకరు పాత నల్లగొండ మనిషి. నేను పాలమూరులో ఒక కాలేజీలో చరిత్ర చెబుతాను. నా విద్యార్థినుల్లో చాలామంది వలస కూలీల ఇళ్ళ పిల్లలు. ఐలమ్మ పేరు పెట్టారని తెలిసి వాళ్ళు నిజంగా సంతోషపడ్డారు. చదువు చెప్పే చోటుకి ఒక చాకలి స్త్రీ పేరు రావడానికి ఇన్నేళ్ళు పట్టింది. ఆ సంతోషాన్ని నేను తక్కువ చెయ్యను.

క్లాసులో ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న మాత్రం ఇంకా నా దగ్గరే ఉంది. 'మేడం, సురవరం గారు ఏమనుకున్నరో ఆయన పుస్తకాలు సదివితె తెలుస్తది. ఐలమ్మ ఏమనుకుందో ఎక్కడ సదవాలె?'

సురవరం పేరు పెట్టిన చోట ఆయన రాసిన వేల పేజీలు ఉంటాయి. ఐలమ్మ పేరు పెట్టిన చోట ఆమె విగ్రహం ఉంటుంది. ఆమె 1985లో చనిపోయింది. చివరి ఏళ్ళలో ఆమె దగ్గరికి వెళ్ళి అడిగినవాళ్ళు కొద్దిమందే, వాళ్ళు రాసుకొచ్చిన కొద్ది మాటలే మనకి మిగిలాయి. విగ్రహం చెయ్యెత్తి నిలబడుతుంది, కొడవలి పట్టుకుంటుంది. విగ్రహం గొణగదు. తన చేను నిలబెట్టిన సంఘం గురించి, ఆ తర్వాత తనని మరిచిపోయినవాళ్ళ గురించి, తన పేరు వాడుకుంటున్నవాళ్ళ గురించి విగ్రహం ఏ అభిప్రాయమూ చెప్పదు. అందుకే అందరికీ విగ్రహం ఇష్టం.

ఆ అమ్మాయికి నేనిచ్చిన జవాబు ఇది. ఐలమ్మ మాటలు కొద్దిగానే దొరుకుతాయి, వాటిని వెతికి చదువు. దానితో ఆగిపోకు. మీ ఊళ్ళో ఇప్పుడు నడుస్తున్న సంఘాలున్నాయి. పొదుపు సంఘం, బీడీ కార్మికుల సంఘం, కులసంఘం, ఉపాధిహామీ మేటు దగ్గర గుమిగూడే ఆడవాళ్ళ గుంపు. వాటిలో ఏ మహాసభా తీర్మానించని సంగతులు రోజూ మాట్లాడుకుంటారు. అప్పు కిస్తీ కట్టలేని మనిషి ఇంటిముందు సాటి ఆడవాళ్ళే కూచోవాల్సి రావడం గురించి, సంఘం లీడరు గురించి, ఆ లీడరుని నడిపించే ఆమె మొగుడి గురించి. మీ అమ్మ గొణుగుతుంది చూడు, అది రాసుకో. తేదీ వేసి రాసుకో. సంఘాన్ని తిడుతూ కూడా వచ్చే వారం కిస్తీ పట్టుకుని ఎందుకు వెళ్తుందో అడుగు. ఆ 'ఎందుకు'లోనే రాజకీయం ఉంది.

లేచి వెళ్ళినవాళ్ళ చరిత్ర మనకి బాగానే తెలుసు. తేదీలతో సహా తెలుసు. లేచిపోయారని నిందపడ్డవాళ్ళ చరిత్రని 1986 నుంచి కొంత తెలుసుకుంటున్నాం. ఇంకా మనం మొదలుపెట్టనిది మూడోవాళ్ళ చరిత్ర. లేవడానికి వీల్లేక, వెళ్ళడానికి చోటులేక, అక్కడే కూచుని, ఒప్పుకోకుండా ఉన్నవాళ్ళది. సంఖ్యలో వాళ్ళే ఎక్కువ. అణా వాళ్ళు కూడా ఇచ్చారు. ఆ అణాకి అభిప్రాయం చెప్పే హక్కు బాకీ ఉంది.